కాగిన నీళ్ళు

కరుణశ్రీకి తన తెలుగంటే మహా గర్వం. గుడివాడ నుంచి వచ్చి పదకొండేళ్ళయింది, అమీర్‌పేట గాలి పీలుస్తూ, పంజాగుట్ట ట్రాఫిక్‌లో పడి లేస్తూ బతుకుతోంది. అయినా తన నోట్లో ఒక్క అక్షరం చెడలేదని అందరితోనూ చెప్పుకునేది. ఆఫీసులో ఎవరైనా "గట్ల చేద్దాం" అంటే చిన్నగా నవ్వి, "అలా చేద్దాం" అని సరిదిద్దేది. వాళ్ళూ నవ్వి ఊరుకునేవాళ్ళు. ఆ నవ్వు మర్యాద కొద్దీ నవ్వినదని ఆమెకు తట్టేది కాదు.

ఆమె పని చేసే చోటు పేరు 'అడవిబాట'. కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఒక బిల్డింగులో మూడో అంతస్తు. కోడింగు నేర్చుకుని నేర్చుకుని బుర్ర వేడెక్కిన పిల్లల్ని శని, ఆదివారాల్లో వికారాబాద్ దాటించి అడవిలో దింపడం, గుడారాల్లో పడుకోబెట్టడం, మంట చుట్టూ కూర్చోబెట్టి పాటలు పాడించి తిరిగి తీసుకురావడం వాళ్ళ వ్యాపారం. యజమాని నరేశ్. మెదక్ పక్క పల్లెలో పుట్టి పట్నంలో పైకొచ్చినవాడు. పేరుకి అతను యజమాని గాని, వ్యాన్లూ గుడారాలూ తిండీ మందులూ అన్నీ చూసుకునేది కరుణశ్రీయే.

తిండి అంటే హనుమాండ్లు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో ఇరవై ఏళ్ళు వండి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. ఆరేళ్ళుగా అడవిలో మూడు రాళ్ళ మీద ఆయన వండిన పప్పు తిన్న పిల్లలు, ఇంటికెళ్ళి తల్లుల వంటకు వంకలు పెట్టేవాళ్ళు. మాట తక్కువ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అదే ఆయన గొప్ప అని నరేశ్ అందరికీ చెప్పేవాడు.

అడవిలో నీళ్ళతోనే అసలు గండం అని కరుణశ్రీకి బాగా తెలుసు. అద్దంలా కనిపించే వాగులోనే పైన ఎక్కడో గేదెలు దిగి ఉంటాయి, ఊరి మురుగు కలిసి ఉంటుంది. చూపుకి శుభ్రమైనవి కడుపుకి శుభ్రమైనవి కావాలని లేదు. అందుకే ప్రతి క్యాంపుకీ ఇరవై లీటర్ల డబ్బాలు లెక్కకు మించి ఎక్కించేది. డబ్బాలు చాలకపోతే ఏం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి తన కుర్చీ వెనక గోడకు అంటించింది. నీళ్ళు తెర్లుతూ పెద్ద బుడగలు రావాలి, వచ్చాక నిమిషం సేపు ఆగాలి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట మూతపెట్టాలి. చక్కటి కాగితం. కాకపోతే అది ఇంగ్లీషులో ఉంది, అమీర్‌పేటలో ఉంది. హనుమాండ్లుకి ఇంగ్లీషు రాదు. ఆయన వండేది అడవిలో.

డిసెంబరు రెండో శనివారం ఇరవై రెండు మంది రావాల్సిన క్యాంపుకి ముప్ఫై మంది వచ్చారు. స్నేహితులు స్నేహితుల్ని తెచ్చుకున్నారు, నరేశ్ కాదనలేదు. సాయంత్రానికి డబ్బాలు ఖాళీ. ఫోను చేసేసరికి కరుణశ్రీ పంజాగుట్టలో ఒక బట్టల షాపులో, క్రిస్మస్‌కి అమ్మకు కొన్న చీర పట్టుకుని బిల్లు లైనులో నిలబడి ఉంది. పైనుంచి స్పీకరులో పాట, వెనక నుంచి ఎవరి పిల్లాడో ఏడుపు.

"మేడం, డబ్బల నీళ్ళు ఒడిసినయి," అన్నాడు హనుమాండ్లు. "మంది ఎక్కువైండ్రు. ఈడ వాగుల నీళ్ళున్నయి, మస్తు తేటగున్నయి. ఏం చెయ్యమంటరు?"

"ఊరికే ఇవ్వకండి. కాచి ఇచ్చేయండి."

"మందుల డబ్బల బిళ్ళలు సుత ఉన్నయి. ఎయ్యాల్నా?"

"అవొద్దు. వాసనొస్తోందని పోయినసారి పిల్లలు రివ్యూలో తిట్టిపోశారు. బాగా కాచండి, చాలు."

"మంచిగ కాగవెట్టాలె. సరే మేడం."

లైను కదిలింది. ఆమె ఫోను సంచిలో పడేసి ముందుకు నడిచింది. ముప్ఫై సెకన్ల మాట. ఇందులో ఎవరైనా ఏం తప్పు పడతారు?

సోమవారం రాత్రి మొదలయ్యాయి వాంతులూ విరేచనాలూ. మంగళవారం మధ్యాహ్నానికి పదకొండు మంది. చాలామంది హాస్టళ్ళలో ఒకే బాత్రూము ముందు వరసకట్టి నిలబడాల్సినవాళ్ళు, వాళ్ళ అవస్థ వేరే చెప్పక్కర్లేదు. పది మంది మందులతో లేచారు. సుష్మిత అనే పిల్ల లేవలేదు. పంతొమ్మిదేళ్ళది, అసలే బక్కపలచనిది. ఒంట్లో నీళ్ళన్నీ పోయి కళ్ళు లోపలికి పోయి, పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో చేర్చేసరికి తండ్రిని గుర్తుపట్టలేదు. రెండు రోజులు ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. మూడో రోజు గండం గడిచిందన్నారు. నీళ్ళ వల్లే వచ్చిందని, తాగేముందు సరిగా మరిగించి ఉంటే ఇంత జరిగేది కాదని రాసి ఇచ్చారు.

ఆ రాసి ఇచ్చిన కాగితం పట్టుకుని శుక్రవారం పొద్దున్నే సుష్మిత తండ్రి వచ్చాడు. వీరవెంకటసత్యనారాయణ, శ్రీనగర్ కాలనీ. మూడు రాత్రులు నిద్ర లేని మొహం. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాకు మీ డబ్బులు అక్కర్లేదండి. నా పిల్ల చావు దాకా వెళ్ళొచ్చింది. దానికి ఆ నీళ్ళు ఎవరిచ్చారో నాకు తెలియాలి. చెప్తే సరి, లేకపోతే ఇక్కణ్ణుంచి నేరుగా పోలీస్ స్టేషనుకే వెళ్తాను."

నరేశ్ హనుమాండ్లుని పిలిపించాడు. ఆయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చొక్కా చూస్తేనే తెలుస్తోంది, తను తప్పు చేయలేదని ఎంత ధైర్యంగా ఉన్నాడో.

"హనుమాండ్లన్నా, ఆ నీళ్ళు ఉట్టిగనే పోసినవా?" అన్నాడు నరేశ్.

"లేదు సార్. కాగవెట్టే పోసిన. మేడం చెప్పిండ్రు, గట్లనే చేసిన. ఏలు వెట్టి చూసిన సార్, సుర్రుమన్నది. అప్పుడే దించిన. అసలే చలి, పోరగాండ్ల గొంతులకు ఎచ్చటి నీళ్ళు మంచిగుంటయని నల్లా ఉన్న క్యాంపర్ డబ్బల పోసి మూత వెట్టిన."

వీరవెంకటసత్యనారాయణ నోరు తెరిచి చూశాడు. "వేలు పెట్టి చూశాడంట. మరిగే నీళ్ళలో వేలు పెడతారా ఎవరైనా? గోరువెచ్చగా చేసి పోశాడండీ నా పిల్లకి, వాగులో మురుగు గోరువెచ్చగా చేసి పోశాడు."

ఆ గదిలో అసలు సంగతి మొదట అర్థమైంది కరుణశ్రీకే.

గుడివాడలో కాచిన నీళ్ళంటే మరిగిన నీళ్ళు. పసిపిల్లలకీ బాలింతలకీ జ్వరం వచ్చినవాళ్ళకీ కాచి చల్లార్చి ఇచ్చేవి. హనుమాండ్లు ఊళ్ళో కాగిన నీళ్ళంటే స్నానం నీళ్ళు. ఎసరు మసులుతుంది, చాయ్ మసులుతుంది, పాలు కాగితే పొంగుతాయి. నీళ్ళు కాగడం మాత్రం ఒంటి మీద పోసుకునేంత వేడెక్కడమే, ఒక్క పిసరు ఎక్కువైనా అవతలివాడు కేకలేస్తాడు. వేలు పెట్టి చూస్తే సుర్రుమనాలి, దించాలి. ఆ మాట కరుణశ్రీకి కొత్తా అంటే, కాదు. ఆమె అద్దెకుండే ఇంటి ఓనరమ్మ పదకొండేళ్ళుగా రోజూ పొద్దున వరండాలోంచి మొగుణ్ణి కేకేస్తుంది, "నీళ్ళు కాగినయి, తానం చెయ్యి" అని. రోజూ వింటూనే ఉంది. వినడానికీ అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న దూరం వాగు ఒడ్డున ముప్ఫై మంది తాగారు.

ఆయన తప్పు చేయలేదు. ఆమె చెప్పిందే, తన ఊరి తెలుగులో విని, విన్నది విన్నట్టు చేశాడు. పైగా "కాగవెట్టాలె" అని తిరిగి చెప్పి మరీ చేశాడు.

"మేడం, మీరు ఏం చెప్పారు ఈయనకి?" వీరవెంకటసత్యనారాయణ ఆమె వైపు తిరిగాడు.

ఒక్క మాట చాలు. కాచమన్నానండీ, ఆయనకి అది వేరేలా అర్థమైంది, చూసుకోవాల్సింది నేను. అంతే. నాలుక దాకా వచ్చింది కూడా.

"మరగబెట్టమన్నాను," అంది కరుణశ్రీ. "బుడగలు రావాలి, వచ్చాక నిమిషం ఆగాలి అని చెప్పాను." చెప్పి, వెనక గోడ మీది కాగితం చూపించింది.

హనుమాండ్లు ఆమెకేసి చూశాడు. కోపంగా కాదు. బడిలో లెక్క తప్పిందని చెప్తే పిల్లవాడు పలక కేసి చూసుకున్నట్టు చూశాడు.

"మరగవెట్టుమన్నరా మేడం?"

"అవునండి."

బిళ్ళల సంగతి ఆయన ఎత్తుతాడనుకుంది ఆమె. వెయ్యాల్నా అని అడిగాననీ, వద్దన్నది ఆవిడేననీ అంటే చాలు, అంతా కుప్పకూలేది. ఆయన ఎత్తలేదు. పరాయి మనిషి ముందు మేడం మీద చెప్పడం ఆయనకు చేతకాలేదు.

"ఫోన్లో రికార్డింగ్ ఉంటుంది కదా, వినిపించండి," అన్నాడు వీరవెంకటసత్యనారాయణ.

"నా ఫోన్లో ఆ ఆప్షన్ లేదండి."

ఇక నరేశ్. అతను మెదక్ పక్కవాడు. తల్లి కాగబెట్టిన నీళ్ళు పోసుకుని, మసిలిన ఎసట్లో ఉడికిన అన్నం తిని పెరిగినవాడు. రెండు మాటలకీ తేడా అతనికి ఒకరు చెప్పాలా? కరుణశ్రీ కేసి ఒకసారి చూశాడు. ఆ చూపులో అంతా ఉంది. తర్వాత బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"హనుమాండ్లన్నా, గింత పెద్ద పని చేస్తివి," అన్నాడు. "రేపటి సంది రాకు."

నిర్లక్ష్యం నాదే అని ఒక కాగితం రాయించారు. హనుమాండ్లు ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాడు. వీరవెంకటసత్యనారాయణ ఆ కాగితం జేబులో పెట్టుకుని, పోలీస్ స్టేషను మాట ఎత్తకుండా ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. ఎవరో ఒకరు దొరికారు, చాలు. ఆయన గుమ్మం దాటబోతుంటే హనుమాండ్లు ఎదురెళ్ళి చేతులు జోడించాడు. "బిడ్డ మంచిగైతది సార్," అన్నాడు. ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కరుణశ్రీ అన్నం తినడానికని బయటికొచ్చి, అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఒక పక్కగా నిలబడి ఫోను తీసింది. ఆప్షన్ ఉంది. ఆరేళ్ళ కిందటే తనే పెట్టుకుంది, ఎవరైనా మాట మారిస్తే పనికొస్తుందని. చెవికి గట్టిగా ఆనించుకుని విన్నది. షాపులో పాట, పిల్లాడి ఏడుపు. కాచి ఇచ్చేయండి. అవొద్దు. బాగా కాచండి. మంచిగ కాగవెట్టాలె, సరే మేడం.

రెండోసారి వినలేదు. రికార్డింగు చెరిపేసింది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని తనకు తాను చెప్పుకుంది. అది కూడా అబద్ధమే. ఆమె లేకపోతే ఆ ఆఫీసు నాలుగు రోజులు నడవదు, నరేశ్ తీసే ప్రసక్తే లేదు. మహా అయితే నలుగురి ముందు తల దించుకోవాల్సి వచ్చేది. ఆ తల దించుకోవడమే ఆమెకు చేతకాలేదు. పదకొండేళ్ళు అందరి మాటా సరిదిద్దిన మనిషి, నాకు ఈ ఊరి తెలుగు రాదు అని ఒప్పుకోవాలి. దానికంటే ఒక ముసలాయన పొట్ట కొట్టడం తేలికనిపించింది. ఇలాంటివాళ్ళని చెడ్డవాళ్ళంటే నొచ్చుకుంటారు. మంచివాళ్ళనడానికి నాకు నోరు రావడం లేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే వేళ, పాస్టరమ్మ జీవమణి గారు ఆమె భుజం తట్టారు. సుష్మిత కోసం సంఘమంతా ప్రార్థన చేశారు, పిల్ల ఇంటికొచ్చింది, లేచి సాక్ష్యం చెప్పమ్మా అని. కరుణశ్రీ లేచింది. దేవుడు ఒక ప్రాణాన్ని ఎలా కాపాడాడో చక్కటి తెలుగులో చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది.

క్యాంపులు ఆగలేదు. కొత్త వంటమనిషిగా రుద్రమ్మ వచ్చింది. గోడ మీది కాగితం పక్కన తెలుగులో ఇంకో కాగితం వచ్చింది. "తాగే నీళ్ళు ఎసరు మసిలినట్టు మసలబెట్టాలి. ఊరికే కాగబెడితే చాలదు." రాసింది కరుణశ్రీయే. నరేశ్ దాన్ని చదివి, వ్యానులో పెట్టడానికి ఇంకో కాపీ తీయించాడు. రుద్రమ్మకి ఫోను చేసినప్పుడల్లా ఆ రెండు మాటలూ ఒత్తి ఒత్తి చెప్పేది. అప్పటినుంచి ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. నేర్చుకుంది, అందులో సందేహం లేదు. చదువు ఖర్చు మాత్రం ఇంకొకరి దగ్గర వసూలు చేసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు సాయంత్రం ఆఫీసు మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఎవరో చేతిలో పాంప్లెట్ పెట్టబోయారు. కంప్యూటర్ కోర్సుది, మొదటి రెండు క్లాసులు ఉచితం. అమీర్‌పేటలో అలా చేతుల్లో పెట్టేవాళ్ళు అడుగడుక్కీ ఉంటారు, మొహం చూడకుండానే తప్పుకుంటాం. ఆ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"మేడం," అన్నాడు హనుమాండ్లు.

చిక్కిపోయాడు. చంకలో పాంప్లెట్ల కట్ట. ఆమె ఏమనాలో తెలియక, "బాగున్నారా" అంది.

"ఉన్న మేడం. జర ఒక్క మాట అడగాలె. మస్తు దినాల సంది అడుగుదామనుకుంటున్న. పైకి రానిస్తరో రానియ్యరో అని రాలే."

కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చి వాళ్ళని పక్కకు నెట్టుకుంటూ పోయారు. ఇద్దరూ జిరాక్స్ షాపు గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"ఆ దినం మీరు ఏమన్నరు మేడం? కాచమన్నరని నాకు యాదికుంది. కాగవెడత అని నేనన్న. పండుకున్నా గదే ఇనవడుతది. మీరేమో మరగవెట్టుమన్న అన్నరు. నా చెవులు పోయినయనుకొని చెవుల డాక్టరు కాడికి పోయిన. మంచిగనే ఉన్నయన్నడు. మరి చెవులు మంచిగుంటే, మీరు అన్నది ఒకటి నాకు యాదికుండేది ఒకటి ఎట్లయితది?"

ఆమె భుజం మీది సంచి సర్దుకుంది.

"మా ఇంటిది మంగవ్వ నన్ను పొయ్యి కాడికి రానిస్తలేదు. మనవనికి పాలు గూడ కాగవెట్టనిస్తలేదు. ఉప్పేసిన్నో లేదో నాకే నమ్మకం లేకుంటయింది. నాకు మతి తప్పుతున్నదని, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిల చూపెట్టాలెనని ఇంట్ల అంటున్నరు. నాకు పని వద్దు మేడం. మిమ్ముల ఏమనడానికి సుత రాలే. మీరేమన్నరో ఒక్కసారి సక్కగ చెప్పుండ్రి, చాలు."

పక్కన పోలీసులు లేరు. వీరవెంకటసత్యనారాయణ లేడు. నరేశ్ లేడు. చెప్పినా ఆమెకు పోయేది ఏమీ లేదు. మీరు విన్నదే నిజం అంటే ఆ మనిషి నిటారుగా నడిచి ఇంటికి పోతాడు, రేపు పొద్దున మనవడికి పాలు కాగబెడతాడు. ఇది ఆమెకు తెలుసు. చెప్దామనే నోరు తెరిచింది. ఆయన కళ్ళలోకి చూసింది. నిజం విన్నాక ఆ కళ్ళు తనని ఎలా చూస్తాయో కనిపించింది.

"మరగబెట్టమనే అన్నానండి," అంది.

హనుమాండ్లు తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. భుజాలు కిందికి దిగాయి.

"గట్లనా," అన్నాడు. "అయితే మతే పోయింది. మీరు సల్లగుండాలె మేడం. మీరు గిట్ల నిజం చెప్పకపోతే, నేను ఎప్పటికీ మీదే తప్పు అనుకుంటుంటి. రోజూ మనసుల మిమ్ముల తిట్టుకుంటుంటి. ఎంత పాపం." చెంపలు వేసుకున్నాడు. "రేపే పోత ఎర్రగడ్డకు. ఈడికెల్లి బస్సు ఎక్కాల్నా మేడం, మెట్రో పోతదా?"

"మెట్రో ఉందండి," అంది కరుణశ్రీ. "ఇక్కణ్ణుంచి మూడో స్టేషను."